రెండో భాగంలో గ్లాసుల చప్పుడు

మంగళవారం రాత్రి, కాక్స్ టౌన్‌లో
హార్డ్‌వేర్ షాపు మీది మేడ.
కింద షట్టర్ దించాక పైన మొదలవుతుంది.
ఏడు కుర్చీలు మోకాళ్లు తగిలేలా కూచుంటాయి.
నడుమ బల్ల మీద బీరు నురగ, ఉప్పు శెనక్కాయలు.
కాగితం మాత్రం ఉండదు.

మూడు మంగళవారాలు
నా ఫిడేలు పెట్టెలోంచి బయటికి రాలేదు.
లెస్లీ పెరేరా ముందే చెప్పాడు:
"రానిది వాయించకు. వచ్చేదాకా విను."
రైలింజన్లు బాగుచేసి రిటైరైన చేతులు,
వాటి మధ్య కాన్సర్టీనా
పరిగెత్తొచ్చిన పిల్లి డొక్కలా ఎగసిపడుతుంది.

హిందూపురంలో మా గురువమ్మ
చాప మీద కూచోబెట్టి నేర్పింది,
కదలని స్వరం పీనుగ అనేది.
ఇక్కడ కుర్చీ. గడ్డం కింద ఫిడేలు.
తీగలకూ వేరే శ్రుతి.
కొత్త అద్దింట్లో మొదటి రాత్రిలా
నా వేళ్లు స్విచ్చి కోసం గోడ తడుముతున్నాయి.
"అంత ఊపకమ్మా," అన్నాడు లెస్లీ,
"స్వరాన్ని నిలబడనీ, బస్టాపులో మనిషిలాగా."
తకిట తకిట అనుకుంటూ పోయాను.
లెక్క కుదిరింది.
నడక కుదరలేదు.

అందుకని ఫోన్లో పట్టుకొచ్చాను ఒక పాటని.
'తడిసిన గొర్రెలు' అట దాని పేరు.
మా వైపు గొర్రెలు తడిస్తే అది వార్త.
పర్పుల్ లైన్లో, విజయనగర్ దాకా నిలబడి,
వేగం సగానికి తగ్గించి వింటాను,
నెమరేసే ఎద్దులా పాట.
మొదటి భాగం రెండుసార్లు, రెండోది రెండుసార్లు,
మళ్లీ మొదటికి.
ఆఫీసులో ప్రీమియం రసీదుల మీద
ముద్ర ఆరేసి దెబ్బలుగా పడుతోంది.
పక్క సీటు సుభద్రమ్మ చూసింది, ఏమీ అనలేదు.
"మళ్లీ అదేనా" అని విసుక్కున్న మా ఆయన
మూడోనాటికి చపాతీ పిండి పిసుకుతూ
దాన్నే ఈల వేస్తున్నాడు, శ్రుతి తప్పి.

ఒక్కటే చిక్కు.
రెండో భాగం నడుమ, సరిగ్గా మలుపులో,
గంగప్ప చేతిలోంచి ట్రే జారింది ఆ రాత్రి.
రికార్డింగులో భళ్లున పగిలిన గ్లాసులు,
"అయ్యో స్వామీ" అని గంగప్ప,
ఎవరిదో నవ్వు,
ఆ తర్వాత పాట, ఏమీ ఎరగనట్టు.
రెండోసారి ఆ చోటికి ఎవరూ పోలేదు,
అందరూ గాజు పెంకులు ఏరుతున్నారు.
నాలుగు స్వరాల గుంట.
ఎన్నిసార్లు విన్నా గాజే.
ఒకనాడు నా చెయ్యి అడగకుండా దాన్ని పూడ్చింది.
ఏ పందిట్లో విన్నదో, ఏ రోకటి పోటుదో,
నాకూ తెలీదు.

అట్లాగే వాయించాను తొమ్మిదో మంగళవారం.
మలుపు దగ్గర ఆరుగురు ఒకవైపు, నేను ఒకవైపు.
చెవులు కాలాయి. విల్లు ఆపేశాను.
లెస్లీ ఆపలేదు. తల మాత్రం పక్కకి వంచాడు,
ఇంజను కింద ఏదో చప్పుడు విన్నట్టు.
ఇంకో రౌండు వేశాడు.
మలుపు రాగానే
నా నాలుగు స్వరాలూ ఆయన మీటల మీద.

ఉగాది పోయింది, వానలు వచ్చాయి.
కోలారు నుంచి మునీంద్ర అనే కుర్రాడు,
విజిలు కొత్తగా కొన్నాడు, రేటు చీటీ ఇంకా ఊడలేదు.
నేనేమో అది తప్పని చెబ్దామని నోరు తెరిచానా,
వాడు నాకే చెబుతున్నాడు:
"ఇక్కడ అట్లా కాదక్కా, ఇట్లా తిరగాల.
పాతకాలం నుంచీ అంతేనంట."

లెస్లీ గ్లాసులోకి చూస్తున్నాడు.
నేను శెనక్కాయ ఒలుచుకున్నాను.
మొదలెట్టాం.
గంగప్ప నిండు ట్రేతో కుర్చీల వెనక పోతున్నాడు,
రెండో భాగం, మలుపు,
ఎందుకో ఒక్క క్షణం ఆగి
రెండో చెయ్యి కూడా ట్రే కింద పెట్టాడు.